పాత పోర్షే 944కి ఏ ఇంజన్ ఆయిల్? 20డబ్ల్యూ-50 పోయాలా, సింథటిక్‌కి మారాలా?

పాతకూపే | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నా దగ్గర 1987 నాటి పోర్షే 944 ఉంది. టర్బో లేనిది, 2.5 లీటర్లు, ఎనిమిది వాల్వుల ఇంజన్. ఇప్పటికి తిరిగింది 1,62,000 కిలోమీటర్లు. నేను మూడో యజమానిని. బండితో పాటు పాత యజమాని రాసుకున్న చిన్న నోటు పుస్తకం కూడా నా చేతికి వచ్చింది. ఏ రోజు ఎంత పెట్రోలు పోయించారు, ఏ టైరులో ఎంత గాలి పెట్టారు, అన్నీ పొందికగా రాశారు. ఆయిల్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ ఒకే మాట: "ఆయిల్ మార్చాను". ఏ గ్రేడో ఎక్కడా లేదు.

మూడు విషయాలు నన్ను కలవరపెడుతున్నాయి.

వారం రోజులు నిలబెట్టి స్టార్ట్ చేస్తే హెడ్ లోంచి ఐదారు సెకన్లు టకటక శబ్దం వచ్చి సద్దుమణుగుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ సూది 5 బార్ దగ్గర అతుక్కుపోతుంది. అరగంట నడిపి ఎక్కడైనా ఆగితే 1.2కి దిగిపోతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి పడి మళ్లీ లేస్తుంది. ఇక రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే తెల్లారేసరికి దాని మీద రెండు మూడు చుక్కలు.

మా దగ్గర చలికాలం తెల్లవారుజామున 10 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటుంది. నెలకు రెండు మూడు సార్లు తీస్తాను, తీసినప్పుడల్లా వంద కిలోమీటర్ల దాకా నడుపుతాను. ఏ ఆయిల్ పోయమంటారు? ఈ ఇంజన్‌ను నా చేతుల్లో పాడుచేసుకోవాలని లేదు.

---

చిక్కనిదేమేలు | శనివారం, రాత్రి 10:05

పాతకూపే గారూ, మంచి బండి. ఎక్కువ ఆలోచించకండి, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి. 1,62,000 తిరిగిన ఇంజన్‌లో బేరింగుల సందులు పెరిగి ఉంటాయి. పలుచటి ఆయిల్ ఆ సందుల్లోంచి జారిపోతుంది, చిక్కటిది నిలబడుతుంది. సూది దిగడం, చుక్కలు పడడం, శబ్దం రావడం, మూడింటికీ అదే మందు. ఈ ఇంజన్లు తయారైన రోజుల్లో అందరూ పోసింది చిక్కటి మినరల్ ఆయిలే. ఇరవై ఏళ్లుగా నా పాత బండ్లన్నిటికీ అదే పోస్తున్నాను. ఒక్కదానికి కూడా ఇంజన్ విప్పి బోరు చేయించాల్సి రాలేదు.

---

కొత్తచేయి | శనివారం, రాత్రి 10:20

నాదీ ఇలాంటి సందేహమే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. పాత ఇంజన్‌లో సింథటిక్ పోస్తే సీళ్లు కారుతాయని మా మెకానిక్ గట్టిగా చెప్పారు. నిజమేనా?

---

రసాయనం | ఆదివారం, ఉదయం 6:50

ముందు సీసా మీది అంకెల సంగతి తేల్చుకుందాం. అవి అర్థమైతే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఆ అంకెలు ఎస్‌ఏఈ జే300 అనే ప్రమాణం నుంచి వస్తాయి. డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె, గడ్డకట్టే చలిలో ఇంజన్ తిరగగలదా, పంపు ఆ ఆయిల్‌ను లాగగలదా అన్నది మాత్రమే చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌కి క్రాంకు తిరిగే పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర చేస్తారు, 20డబ్ల్యూ ఆయిల్‌కి మైనస్ 15 దగ్గర. మీ దగ్గర అతి చల్లటి ఉదయం కూడా 10 డిగ్రీలే అంటున్నారు కాబట్టి ఏ ఆయిల్ పోసినా బండి స్టార్ట్ అవుతుంది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ హెడ్ దాకా ఎంత త్వరగా ఎక్కుతుందన్నదే ప్రశ్న. 40 డిగ్రీల దగ్గర సాధారణ 20డబ్ల్యూ-50 చిక్కదనం 5డబ్ల్యూ-40 చిక్కదనానికి దాదాపు రెట్టింపు. 10 డిగ్రీల దగ్గర ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

రెండో అంకె వేడెక్కాక సంగతి. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు ఆయిల్ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలమానం) లోపు ఉండాలి, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు. హద్దుల మధ్య ఎడం ఎక్కువే, గమనించండి. 40 గ్రేడులో పైకొసన ఉన్న ఆయిల్‌కీ, 50 గ్రేడులో కిందికొసన ఉన్న ఆయిల్‌కీ మధ్య తేడా నామమాత్రం.

సీసా ముందు వైపు కనిపించని మూడో అంకె ఒకటి ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగు సందులో నలిగిపోయే స్థితిలో ఆయిల్‌కి ఎంత చిక్కదనం మిగిలిందో చెప్పే కొలత. బేరింగును అసలు కాపాడేది ఇదే. 20డబ్ల్యూ-50కి ఈ కొలత కనీసం 3.7 ఉండాలి. 15డబ్ల్యూ-40కి కూడా అదే 3.7. 5డబ్ల్యూ-40కి 3.5. అంటే పేరు చూస్తే 20డబ్ల్యూ-50 ఎంతో బలమైనదిగా అనిపిస్తుంది గానీ, ప్రమాణం కోరే కనీస హద్దు దగ్గర అది 15డబ్ల్యూ-40తో సమానం. మార్కెట్లో దొరికే 50 గ్రేడు ఆయిళ్లు చాలావరకు ఆ హద్దు దాటి బాగా పైనే ఉంటాయి, అది వేరే మాట. అందుకే గ్రేడు చూసి ఆగిపోకుండా తయారీదారు ఇచ్చే వివరపత్రంలో ఈ అంకె వెతకమంటున్నాను.

కొత్తచేయి గారూ, మీ మెకానిక్ మాటకు ఒక చరిత్ర ఉంది. తొలినాటి సింథటిక్ ఆయిళ్లలో కొన్ని రబ్బరు సీళ్లను కుంచింపజేసేవి. మూలనూనెగా వాడే పీఏఓకి ఆ గుణం ఉంది. తర్వాత సీళ్లను ఉబ్బించే ఎస్టర్లు కలిపి ఆ లోటు సరిచేశారు. ఇప్పుడు మిగిలిన బెడద వేరు: ఎండి పగిలిన సీలు చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి అడ్డుపడి ఉంటుంది, కొత్త ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాలు దాన్ని కరిగిస్తాయి. అప్పుడు చుక్క కనిపిస్తుంది. సీలు అంతకు ముందే చెడిపోయింది, ఆయిల్ ఆ సంగతి బయటపెట్టింది, అంతే.

---

సూదిచూపు | ఆదివారం, ఉదయం 8:15

పాతకూపే గారూ, ఆయిల్ కొనే ముందు ఒక్క పని చేయండి. మీ ప్రెషర్ నిజంగా ఎంత ఉందో కొలవండి. డ్యాష్‌బోర్డు మీద సూది చెప్పేది సెండర్ (ఇంజన్ మీద ప్రెషర్‌ను కొలిచే పరికరం) పంపిన విద్యుత్ సంకేతం. ముప్పై ఏళ్లు దాటిన సెండర్ మాట మీద ఇంజన్ ఆరోగ్యం తేల్చకూడదు. పడి మళ్లీ లేస్తోందని మీరే రాశారు. బేరింగు అరిగిన ఇంజన్‌లో సూది నెమ్మదిగా, ప్రతిసారీ ఒకేలా దిగుతుంది. ఎగిరెగిరి పడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను దీనికి విరుద్ధంగా చేసి నష్టపోయాను. నా మొదటి కూపే వేరే తయారీది, దాని పేరు ఇక్కడ అనవసరం. వేడెక్కాక సూది కిందికి దిగేది. వర్క్‌షాపులో చిక్కటి ఆయిల్ పోయమన్నారు, పోశాను, సూది పైకి లేచింది. జబ్బు నయమైందనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఎత్తు ఎక్కుతుంటే కింది నుంచి మొద్దుగా దడదడ శబ్దం మొదలైంది. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె) దించి బేరింగు చిప్పలు తీశాం. పైన ఉండాల్సిన బూడిదరంగు పూత మధ్యలో పూర్తిగా పోయి, బొటనవేలి గోరంత మేర ఎర్రటి రాగి బయటపడి ఉంది. ఆ చిప్పను వేలితో తడిమినప్పుడు తగిలిన అంచు నాకు ఇప్పటికీ గుర్తే. చిక్కటి ఆయిల్ ఆ అరుగుదలను ఆపలేదు, నా కంటికి కనిపించకుండా దాచింది.

ప్రెషర్ అంటే ఆయిల్ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డంకి. చిక్కటి ఆయిల్‌కి అడ్డంకి ఎక్కువ కాబట్టి సూది లేస్తుంది. బేరింగుకు అందే ఆయిల్ పెరిగిందని దానికి అర్థం కాదు. పైగా చల్లటి ఇంజన్‌లో మీ సూది 5 దగ్గర నిలబడినప్పుడు రిలీఫ్ వాల్వు తెరుచుకుని, పంపు నెట్టిన ఆయిల్‌లో కొంత బేరింగుల దాకా వెళ్లకుండానే వెనక్కి మళ్లుతూ ఉంటుంది. ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే ఆ స్థితి అంతసేపు సాగుతుంది.

సెండర్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజీ బిగించండి. కనీసం అరగంట నడిపాకే కొలవండి. నీటి ఉష్ణోగ్రత సూది మామూలు చోటికి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, ఆయిల్‌కి ఇంకా చాలా సమయం పడుతుంది. ఐడిలింగ్‌లో ఒకటి, 3,000 దగ్గర ఒకటి, 5,000 దగ్గర ఒకటి రాసుకోండి. నిమిషానికి ప్రతి వెయ్యి చుట్లకు 0.7 బార్ ఉంటే ఇంజన్ బాగున్నట్టని పాత మెకానిక్కుల లెక్క. మీ బండి వర్క్‌షాప్ పుస్తకంలో ఉన్న అంకె దీనికంటే ప్రమాణం, దాన్నీ చూడండి.

---

చిక్కనిదేమేలు | ఆదివారం, ఉదయం 9:30

సూదిచూపు గారూ, మీ అనుభవాన్ని కాదనను. కొలవమనడమూ సబబే. కానీ వేడి ప్రదేశంలో 42 డిగ్రీల ఎండలో నడిచే బండి సంగతి మరిచిపోకండి. అప్పటి యజమాని పుస్తకాల్లో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏ గ్రేడు పోయాలో అడ్డగీతల పట్టిక ఉండేది. వేడి పెరిగేకొద్దీ చిక్కటి గ్రేడులే చూపించేవారు. తయారు చేసినవాళ్లకు తెలియదంటారా?

---

రసాయనం | ఆదివారం, ఉదయం 10:10

తెలుసు. మీరు చెప్పిన పట్టికను నేను గౌరవిస్తాను, ఇప్పటికీ మొదట చూడాల్సింది అదే. కానీ అది ఆనాటి మినరల్ ఆయిళ్లను దృష్టిలో పెట్టుకుని గీసినది. ఆ ఆయిళ్లలో రెండు అంకెల మధ్య ఎడం పెంచాలంటే పాలిమర్లు ఎక్కువ కలపాల్సి వచ్చేది, నడిచేకొద్దీ అవి నలిగి తెగిపోయేవి. 10డబ్ల్యూ-40గా పోసింది కొన్ని వేల కిలోమీటర్లకే 30 గ్రేడుకు దిగజారేది. అందుకే ఎడం తక్కువున్న 20డబ్ల్యూ-50 నమ్మకమైనది అనిపించుకుంది. ఆ నమ్మకానికి కారణం ఉంది. మంచి సింథటిక్ మూలనూనెకు చిక్కదనాన్ని నిలుపుకునే గుణం సహజంగానే ఎక్కువ, పాలిమర్ల అవసరం తక్కువ.

పట్టికలో డబ్ల్యూ అంకె పైహద్దు ఎక్కడ ఆగుతోందో కాకుండా, వేడి వైపు ఏ గ్రేడులను అనుమతించారో చూడమంటాను. 40 అక్కడ ఉంటే 40 చాలు.

---

కామ్‌లోబ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:25

చిక్కదనం గురించే అందరూ మాట్లాడుతున్నారు, జింకు సంగతి ఎవరూ ఎత్తలేదు.

944 ఎనిమిది వాల్వుల హెడ్‌లో కామ్‌షాఫ్ట్ మీది ఉబ్బెత్తు (లోబు) నేరుగా, వాల్వును నెట్టే హైడ్రాలిక్ టాపెట్ నెత్తి మీద రాసుకుంటూ తిరుగుతుంది, మధ్యలో రోలరు లేదు. ఇలాంటి చోట లోహాన్ని లోహం తాకకుండా కాపాడేది జెడ్‌డీడీపీ అనే జింకు, భాస్వరం సమ్మేళనం. వేడికి, ఒత్తిడికి అది లోహం మీద గాజులాంటి పలుచని పొరగా ఏర్పడుతుంది. ఆ పొర అరుగుతూ, మళ్లీ ఏర్పడుతూ ఉంటుంది.

భాస్వరం క్యాటలిటిక్ కన్వర్టర్‌ను నెమ్మదిగా పాడుచేస్తుంది. కాబట్టి ఆయిల్ వర్గాలు నిర్ణయించే అమెరికా సంస్థ ఏపీఐ దాన్ని విడతలు విడతలుగా తగ్గించింది. 2004లో వచ్చిన ఎస్‌ఎం వర్గం నుంచి, 2010 నాటి ఎస్‌ఎన్, 2020 నాటి ఎస్‌పీ దాకా హద్దు 0.08 శాతం, అంటే 800 పీపీఎం (పది లక్షలకు 800 భాగాలు). చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఆ హద్దు 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలుచటి గ్రేడులకే వర్తిస్తుంది. 40, 50 గ్రేడులకు వర్తించదు. కాబట్టి "కొత్త ఆయిళ్లలో జింకు లేదు" అని భయపడి పాత నిల్వల కోసం వెతకనక్కర్లేదు. ఐరోపా వర్గీకరణలో ఏసీఈఏ ఏ3/బీ4 అని రాసి ఉన్న 40 గ్రేడు తీసుకుంటే హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5కి తగ్గదు, భాస్వరం కూడా సాధారణంగా 1,000 పీపీఎం దరిదాపుల్లో ఉంటుంది. రోడ్డు మీద నడిచే 944కి అది సరిపోతుంది.

విడిగా దొరికే జింకు సీసాలు మాత్రం పోయకండి. ఆయిల్‌లోని రసాయనాలన్నీ ఒకదానితో ఒకటి తూకం వేసి కలిపినవి. శుభ్రపరిచేవీ, పొర కట్టేవీ ఒకే లోహతలం కోసం పోటీ పడతాయి. పైనుంచి ఒకదాన్ని కుమ్మరిస్తే ఆ తూకం చెడుతుంది. జింకు మరీ ఎక్కువైతే మేలు పోయి లోహానికి చేటు మొదలవుతుంది. జింకు ఎక్కువ కావాలంటే అలా తయారైన ఆయిల్‌నే కొనాలి.

---

కొత్తచేయి | ఆదివారం, మధ్యాహ్నం 1:05

మోటారుసైకిల్ ఆయిల్‌లో జింకు ఎక్కువ ఉంటుందంటారు, అది పోయవచ్చా? లేదంటే డీజిల్ ఇంజన్ 15డబ్ల్యూ-40?

---

కామ్‌లోబ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

మోటారుసైకిల్ ఆయిల్ ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ కోసం చేసినది. కారుకు అక్కర్లేదు. డీజిల్ 15డబ్ల్యూ-40ని పాత కార్లలో చాలామంది వాడారు. పెట్రోలు ఇంజన్ వర్గం కూడా సీసా మీద రాసి ఉంటేనే పోయండి, లేకపోతే వదిలేయండి.

---

వారాంతపుచక్రం | ఆదివారం, సాయంత్రం 6:30

నేను 944ని ట్రాక్ మీద నడుపుతాను, అందుకే ఒక మాట. ఈ ఇంజన్‌లో రెండో నంబరు కనెక్టింగ్ రాడ్ బేరింగుకు ఆయిల్ చాలకపోవడం ట్రాక్ మీద నడిపేవాళ్లందరికీ తెలిసిన భయం. పొడవాటి మలుపులో అధిక చుట్ల మీద పట్టి ఉంచితే చాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది, గాలి కలుస్తుంది. బేరింగుకు ఆయిల్ బదులు నురగ అందుతుంది. పైగా ఈ ఇంజన్‌లో రెండు బ్యాలెన్స్ షాఫ్టులు క్రాంకు కంటే రెట్టింపు వేగంతో తిరుగుతాయి. ఇంజన్ 6,000 దగ్గర ఉంటే అవి 12,000. వాటి బేరింగులకు కూడా ఇదే ఆయిల్ వెళ్లాలి.

నేను 15డబ్ల్యూ-50 సింథటిక్ పోస్తాను. ట్రాక్ మీద ఆయిల్ 120 డిగ్రీలు దాటడం చూశాను, ఆ వేడిలో 50 గ్రేడు నాకు కావాలి. పాతకూపే గారి వాడకం అది కాదు కాబట్టి నన్ను చూసి పోయవద్దు. కానీ నా నుంచి ఒక్కటి తీసుకోండి: డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎప్పుడూ పై గీతకు దగ్గరగా ఉంచండి. గ్రేడు గురించి నెలంతా వాదించుకుని, అర లీటరు తక్కువతో మలుపు తిరిగేవాళ్లను చూశాను. ఏ గ్రేడూ ఆ లోటు తీర్చలేదు. పై గీత దాటి కూడా పోయకండి, క్రాంకు చిలికి నురగ చేస్తుంది.

రేసింగ్ అని రాసి ఉన్న ఆయిళ్లు రోడ్డు బండికి వద్దు. వాటిలో కొన్నిటిలో శుభ్రపరిచే రసాయనాలు తక్కువ, నెలల తరబడి ఇంజన్‌లో ఉంచడానికి చేసినవి కావు.

---

పాతకూపే | తర్వాతి ఆదివారం, రాత్రి 8:45

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులు ఆగి, సూదిచూపు గారు చెప్పినట్టే చేశాను.

సెండర్ దగ్గరకు వెళ్లడానికే గంట పట్టింది. చేతికి తగలగానే జిడ్డు. గుడ్డతో తుడిచి ఇంజన్ పది నిమిషాలు తిప్పి టార్చి వేసి చూస్తే, సెండర్ లోహపు డబ్బాకూ నల్లటి ప్లాస్టిక్ మూతకూ మధ్య అంచు వెంట ఆయిల్ సన్నగా ఊరుతోంది. ఊరి, కింది వైపు ఒక బొట్టుగా కూడి, బ్లాకు మీదుగా జారుతోంది. నేను అట్టముక్క మీద చూసిన చుక్కల్లో కనీసం కొన్ని ఇక్కడివే.

దాన్ని విప్పి మెకానికల్ గేజీ బిగించాను. నలభై నిమిషాలు నడిపి, డిప్‌స్టిక్ గొట్టంలో ఉష్ణోగ్రత తీగ దించి చూస్తే ఆయిల్ 95 డిగ్రీలు. అప్పుడు:

ఐడిలింగ్‌లో 900 దగ్గర 1.9 బార్. 3,000 దగ్గర 4.0. 5,000 దగ్గర 4.6.

సూది ఒక్కసారి కూడా ఎగరలేదు. ఇంతకాలం నన్ను భయపెట్టిన 1.2 ఆ సెండర్ చెప్పిన అబద్ధం. ఇప్పుడు ఇంజన్‌లో ఉన్నది ఏ గ్రేడో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ ఒక్క అనుమానం మాత్రం మిగిలింది.

---

సూదిచూపు | తర్వాతి ఆదివారం, రాత్రి 9:10

ఈ అంకెలు చూసి మనసు కుదుటపడింది. మీ బేరింగులు బాగున్నాయి. మీ అనుమానం సరైనదే, లోపల ఉన్నది 20డబ్ల్యూ-50 అయితే పలుచటిది పోసినప్పుడు అంకెలు కొంత దిగుతాయి. 3,000 దగ్గర మూడుకు తగ్గనంత వరకు నేను కంగారుపడను. ఆ పాత ఆయిల్ పారేసే ముందు ఒక చిన్న సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపండి. చిక్కదనం ఎంతో చెబుతారు, గ్రేడు తేలిపోతుంది. లోహాలు కూడా చూస్తారు. రాగి, సీసం ఉంటే బేరింగుల నుంచి. ఇనుము ఉంటే కామ్, క్రాంకు వైపు చూడాలి. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోందని అర్థం.

---

రసాయనం | తర్వాతి ఆదివారం, రాత్రి 9:50

దానికి ఒక చేర్పు. మామూలు ఇంజన్‌లో ఇనుము కనిపిస్తే సిలిండరు గోడలను అనుమానిస్తారు. 944 బ్లాకు అల్యూసిల్, అంటే సిలికాన్ కణాలు కలిసిన అల్యూమినియం. సిలిండరుకు ఇనుప లైనరు లేదు, ఇనుపపూత ఉన్నది పిస్టన్ మీద. ల్యాబ్ వాళ్లకు ఇంజన్ పేరు తప్పకుండా రాసి పంపండి, లేకపోతే నివేదికను తప్పుగా చదువుతారు.

కూలెంట్ మాట వచ్చింది కాబట్టి, మీ కూలెంట్ డబ్బా మూత తీసి చూశారా? టర్బో లేని 944లో ఆయిల్ కూలర్ బ్లాకుకు ఆనుకుని నీటితో చల్లబడుతుంది. దాని సీళ్లు గట్టిపడి వదులైతే ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిలే నీటిలోకి వెళ్తుంది. డబ్బాలో గోధుమరంగు జిగట పేరుకుంటుంది. అది కనిపిస్తే ఆయిల్ ఎంపిక వాయిదా వేసి ముందు ఆ సీళ్లు మార్చాలి.

---

పాతకూపే | తర్వాతి ఆదివారం, రాత్రి 10:15

ఇప్పుడే టార్చి పట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. డబ్బా లోపల శుభ్రంగా ఉంది, కూలెంట్ రంగు కూడా మారలేదు.

---

చిక్కనిదేమేలు | తర్వాతి ఆదివారం, రాత్రి 10:40

నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. సూది అంకె నిజమని నమ్మి మొదటి రోజే సలహా ఇచ్చాను, కొలవమని అడగలేదు. వేడి మీద 1.9 ఉన్న ఇంజన్‌కి 50 తప్పనిసరి కాదు. అయినా పాతకూపే గారూ, 40కి మారితే నడి ఎండాకాలంలో ఒకసారి ఇదే గేజీతో మళ్లీ కొలవండి. అప్పుడు అంకెలు పడిపోతే 15డబ్ల్యూ-50 వైపు జరగవచ్చు. ఇంజన్ ఏం అడుగుతుందో అదే పోద్దాం.

ఇంకొకటి, ఫిల్టరు. స్టార్ట్ చేయగానే వచ్చే ఆ టకటక సంగతి ఎవరూ పూర్తిగా తేల్చలేదు. ఇంజన్ ఆగాక ఆయిల్ తిరిగి కిందికి జారిపోకుండా ఫిల్టరులో ఒక రబ్బరు పొర ఉంటుంది. అది గట్టిపడితే రాత్రంతా ఆయిల్ దిగిపోయి, పొద్దున ఫిల్టరు నిండి హెడ్ దాకా ఎక్కేసరికి ఆ ఐదారు సెకన్లు పడతాయి. ఆ పొర సిలికాన్ రబ్బరుతో చేసిన ఫిల్టరు తీసుకోండి, వేడికి గట్టిపడదు. టాపెట్లు కూడా వారం రోజులు నిలబెడితే కొంత ఖాళీ అవుతాయి, అది సహజం.

---

పాతకూపే | మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఆలస్యానికి మన్నించండి, ల్యాబ్ నివేదిక కోసం ఆగాను.

పాత ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 15.1 సెంటీస్టోక్స్ వచ్చింది. అంటే ఇప్పుడు అది 40 గ్రేడు హద్దులో ఉంది. రాగి, సీసం చాలా తక్కువ. కూలెంట్ ఆనవాలు లేదు. సిలికాన్ కొంచెం ఎక్కువగా ఉందని రాశారు. గాలి ఫిల్టరు పెట్టె తెరిచి చూస్తే ఒక మూల క్లిప్పు విరిగి మూత సరిగా కూర్చోలేదు, దుమ్ము లోపలికి పోయిన గీత స్పష్టంగా కనిపించింది. క్లిప్పు మార్చాను.

చివరికి ఏసీఈఏ ఏ3/బీ4 రాసి ఉన్న 5డబ్ల్యూ-40 సింథటిక్ పోశాను. వివరపత్రంలో హెచ్‌టీహెచ్‌ఎస్ 3.7 ఉంది, 100 డిగ్రీల దగ్గర 14.2. సిలికాన్ పొర ఉన్న ఫిల్టరు, కొత్త సెండర్ బిగించాను. ఇంజన్ కడిగే ఫ్లష్ రసాయనం ఏదీ వాడలేదు, మడ్డి ఉంటే దాన్ని కొత్త ఆయిల్ నెమ్మదిగా తీసుకోనిద్దాం అనుకున్నాను.

పాత ఫిల్టరును కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి తెల్లటి పళ్లెంలో పరిచి ఎండలో చూశాను. మెరుపులు లేవు. రెండు మడతల మధ్య మాత్రం నల్లటి రబ్బరు ముక్కలు చిన్నవి మూడు దొరికాయి. ఫిల్టరు మూత వైపు ఉన్న పొర అంచు అక్కడక్కడా చిరిగి ఉంది, గోటితో నొక్కితే పాత టైరులా గట్టిగా తగిలింది. చిక్కనిదేమేలు గారు చెప్పిన పొర అదే.

కొత్త అంకెలు, అదే గేజీతో, ఆయిల్ 96 డిగ్రీల దగ్గర: ఐడిలింగ్‌లో 1.8, 3,000 దగ్గర 3.8, 5,000 దగ్గర 4.5. ఎనిమిది రోజులు నిలబెట్టి స్టార్ట్ చేస్తే శబ్దం రెండు సెకన్లలోపే ఆగిపోయింది. ఆయిల్, ఫిల్టరు ఒకేసారి మార్చాను కాబట్టి ఆ పుణ్యం దేనిదో విడదీసి చెప్పలేను. అట్టముక్క మీద ఇప్పుడు రెండు రోజులకు ఒక చుక్క. అది వాల్వు కవరు గాస్కెట్ వెనక మూల నుంచి వస్తోంది, వచ్చే నెల దాని పని చూస్తాను.

---

కొత్తచేయి | అదే రోజు, సాయంత్రం 5:00

మళ్లీ ఎన్ని కిలోమీటర్లకు మారుస్తారు? సింథటిక్ కాబట్టి పదిహేను వేల దాకా ఉంచవచ్చా?

---

రసాయనం | అదే రోజు, సాయంత్రం 5:30

నెలకు రెండు మూడు సార్లు తీసే బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు, కాలం లెక్కే. ఆయన బండి ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి. ఇంజన్ మండించినప్పుడు పుట్టిన నీరు, ఆమ్లాలు, కాలని పెట్రోలు ఆయిల్‌లో చేరుతూనే ఉంటాయి. ఆయన తీసినప్పుడల్లా వంద కిలోమీటర్లు నడుపుతున్నారు కాబట్టి నీరూ పెట్రోలూ చాలావరకు ఆవిరైపోతాయి, అది ఆయన ఇంజన్‌కు జరుగుతున్న పెద్ద మేలు. పది నిమిషాలు తిప్పి ఆపేసేవాళ్లయితే ఆరు నెలలకే మార్చమంటాను. చలికాలం రెండు నెలలు బండి నిలబెట్టేటట్టయితే, నిలబెట్టే ముందే మార్చండి. ఆమ్లాలు నిండిన పాత ఆయిల్‌లో బేరింగులను నానబెట్టకండి.

---

పాతకూపే | అదే రోజు, రాత్రి 9:15

నోటు పుస్తకంలో ఈరోజు తేదీ వేసి, గ్రేడు, హెచ్‌టీహెచ్‌ఎస్, ఫిల్టరు, మూడు ప్రెషర్ అంకెలు, ఆయిల్ ఉష్ణోగ్రత రాశాను. మే నెలలో మళ్లీ గేజీ బిగించి కొలిచి, ఆ అంకెలు ఇక్కడే పెడతాను.